ఇంజన్ ఊగితే ఏం వేయించాలి: టార్క్ డ్యాంపరా, బుష్ ఇన్సర్టా, కొత్త మౌంటింగా?

గువ్వలచెరువు ఘాట్‌లో మలుపు మలుపుకూ యాక్సిలరేటర్ మీద కాలు తీయాలి, మళ్ళీ తొక్కాలి. నాది 2020 పోలో 1.0 టీఎస్ఐ, మాన్యువల్ గేరు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. మొదట్లో బాగానే ఉండేది. ఒక ఎండాకాలం కడప నుంచి రాయచోటికి పోతూ గమనించాను. సెకండ్ గేరులో కాలు తీసి మళ్ళీ పెట్టిన ప్రతిసారీ పాదాల కింద ‘ధబ్’మని ఒక దెబ్బ. ఎవరో రబ్బరు సుత్తితో కింది నుంచి కొట్టినట్టు. గువ్వలచెరువులో పాలకోవా కోసం ఆగినప్పుడు మా బామ్మర్ది తేల్చేశాడు: “బావా, దీనికి టార్క్ డ్యాంపర్ వేయించు. నా సివిక్‌కు వేయించినా, ఇప్పుడు ఎంత తొక్కినా ఇంజన్ కదలదు.”

ఆ రాత్రి ఫోన్‌లో డ్యాంపర్ల ఫొటోలు చూస్తూ రెండు గంటలు గడిపాను. నీలం రంగు సిలిండరు, మెరిసే రాడ్డు, బానెట్ ఎత్తితే నలుగురూ “ఇదేంది అన్నా?” అని అడిగే అందం. డబ్బు కట్టే ముందు ఎందుకో మా మెకానిక్ భాయ్‌కి చూపించాలనిపించింది.

భాయ్ ఫోన్ వైపు సరిగా చూడనైనా లేదు. కారును ర్యాంపు ఎక్కించి, గేర్‌బాక్సుకూ కింది సబ్‌ఫ్రేముకూ మధ్య ఉండే పొట్టి రాడ్డు మీద టార్చి వేశాడు. ఇంజన్‌ను బాడీకి పట్టి ఉంచే మౌంటింగుల్లో ఇదొకటి, పెండ్యులం మౌంటింగ్ అంటారు. దాని బుష్‌లోకి, అంటే లోపలి రబ్బరు దిమ్మలోకి, స్క్రూడ్రైవరు దూర్చి మీటితే రబ్బరు నోరు తెరిచింది. ఆ చీలికలోకి నా చిటికెన వేలి గోరు పట్టింది. “ఫౌండేషన్ పోయింది సార్. పునాది కదిలిన ఇంటికి రంగులేస్తే ఏమొస్తుంది?” అన్నాడు.

ఆ తర్వాత నా పోలో, బామ్మర్ది సివిక్, ఒక స్నేహితుడి ఆక్టేవియా వీఆర్ఎస్, మూడూ మూడు దారుల్లో పోయాయి. మూడింటి పనీ దగ్గరుండి చూశాను. డబ్బు ఎక్కడ దండగైందో, ఎక్కడ పనికొచ్చిందో అక్కడే తెలిసింది.

ముందు ఆ ఊగుడు సంగతి

మన రోడ్ల మీద కనిపించే వేగపు కార్లు, పోలో జీటీ, ఐ20 ఎన్ లైన్, వీఆర్ఎస్ లాంటివి, ఎక్కువగా ముందు చక్రాలతో నడిచేవే. వాటిలో ఇంజన్ అడ్డంగా కూర్చుంటుంది. చక్రాలను ముందుకు తిప్పడానికి ఎంత బలం పెడుతుందో, అంత బలమూ ఇంజన్‌ను వెనక్కి తిప్పాలని చూస్తుంది. అందుకే తొక్కితే ఇంజన్ తల డ్యాష్‌బోర్డు వైపు వాలుతుంది, కాలు తీస్తే రేడియేటర్ వైపు తూగుతుంది.

ఈ బలం ఎంతో లెక్క వేసుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. నా పోలో టార్క్ (తిప్పే బలం) 175 న్యూటన్ మీటర్లు. ఫస్ట్ గేరు, ఫైనల్ డ్రైవ్ (గేర్ల తర్వాత వచ్చే చివరి పళ్ళ జత) కలిపి 14 రెట్లు అనుకుంటే చక్రాల దగ్గరికి వచ్చేసరికి 2,450. ఇంజన్ తిరగబోయే ఇరుసుకు అర మీటరు దూరంలో ఆ పెండ్యులం రాడ్డు ఉందనుకుంటే, దాని మీద పడే లాగుడు దాదాపు 500 కిలోలు. ఒక ఒంగోలు ఎద్దును పిడికెడు రబ్బరు బుష్‌కు వేలాడదీసినట్టు. 230 పీఎస్, 350 న్యూటన్ మీటర్ల వీఆర్ఎస్‌లో ఇంకెంతో మీరే ఊహించుకోండి. మస్టాంగ్ లాగా ఇంజన్ నిలువుగా ఉండి వెనక చక్రాలు నడిచే కార్లలో కథ వేరు. అక్కడ ఇంజన్ పక్కలకు వాలుతుంది, పైగా ఫైనల్ డ్రైవ్ పెంచే బలాన్ని వెనక యాక్సిల్ తీసుకుంటుంది కాబట్టి ఇంజన్ మౌంటింగ్‌కు ఆ బాధ లేదు. అలాంటి కారున్నవాళ్ళకు ఈ గోల పెద్దగా అక్కర్లేదు.

మౌంటింగ్‌కు ఒకదానికొకటి పడని రెండు పనులున్నాయి. ఇంజన్‌ను గట్టిగా పట్టుకోవాలి, దాని అదురు మాత్రం లోపల కూర్చున్నవాళ్ళకు తెలియనివ్వకూడదు. ఒకటి పెంచితే రెండోది తగ్గుతుంది. మీరు కొనబోయే ప్రతి వస్తువూ ఈ రెంటి మధ్య బేరమే.

డ్యాంపర్ ఏం చేస్తుంది, ఏం చేయదు

నీళ్ళ తొట్టిలో చెయ్యి మెల్లగా కదిపితే ఏమీ తెలియదు. అదే చేత్తో నీళ్ళను గట్టిగా చరిస్తే అరచెయ్యి మండుతుంది. టార్క్ డ్యాంపర్ పని కూడా అంతే. అది లోపల నూనె ఉన్న చిన్న షాక్ అబ్జార్బర్. ఒక కొన ఇంజన్ పైభాగానికి, రెండో కొన బాడీకి, మామూలుగా స్ట్రట్ టవర్‌కు (ముందు సస్పెన్షన్ పైకొన బిగించే చోటుకు) బిగిస్తారు. ఇంజన్ చటుక్కున కదిలితే అడ్డుపడుతుంది. మెల్లగా వాలితే వాలనిస్తుంది.

అంటే మా బామ్మర్ది చెప్పిన “ఇంజన్ కదలదు” అన్నది తప్పు. ఫుల్‌గా తొక్కి పట్టుకుంటే డ్యాంపర్ ఉన్నా లేకపోయినా ఇంజన్ చివరికి అంతే దూరం వాలుతుంది. అక్కడికి చేరే తొందర మాత్రం తగ్గుతుంది. అందుకే కాలు పెట్టగానే, తీయగానే వచ్చే జెర్క్ తగ్గుతుంది. చిన్న టర్బో మాన్యువల్ కార్లలో సెకండ్ గేరులో కారు కుందేలులా గెంతే అలవాటుంటుంది. అది తగ్గుతుంది. తడి రోడ్డు మీద గట్టిగా లాగితే ముందు చక్రాలు దడదడా ఎగురుతాయి, అది కూడా కొంత తగ్గుతుంది. ఇంజన్ బరువును మాత్రం డ్యాంపర్ మోయదు. చీలిన మౌంటింగ్ పని అది చేయలేదు.

ఇన్సర్ట్ పద్ధతి దీనికి తలకిందులు. పెండ్యులం బుష్ రబ్బరులో కంపెనీవాళ్ళే కొన్ని ఖాళీలు వదులుతారు, ఇంజన్ కాస్త కదలడానికి. ఆ ఖాళీల్లో దూర్చే పాలీయురెథేన్ ముక్కే ఇన్సర్ట్. దానికి మెల్లగానా, వేగంగానా అన్న తేడా లేదు. ఇంజన్ వాలే దూరాన్నే తగ్గిస్తుంది. గేరు పడగానే కారు వెంటనే అందుకుంటుంది, ఆ తేడా మొదటి స్పీడ్ బ్రేకర్ దాటగానే తెలుస్తుంది. దానికి కట్టే మూల్యం సిగ్నల్ దగ్గర నిలబడినప్పుడు వచ్చే అదురు.

ఇక మూడోది, రబ్బరే లేకుండా ఇనుము లేదా అల్యూమినియంతో చేసిన సాలిడ్ మౌంటింగ్. ఇంజన్‌ను తీసుకెళ్ళి కడప బండ మీద పెట్టి బోల్టు వేసినట్టే. రేసు ట్రాక్ కార్లకు సరే. ఇంటి కారుకు వేయిస్తే వెనక అద్దంలో లారీ కూడా నాలుగుగా కనిపిస్తుంది. దీని గురించి ఇక మాట్లాడను.

మన ఎండలో ఏది నిలుస్తుంది

వేరే ఊళ్ళ సలహాలు ఇక్కడ కొంచెం మార్చుకోవాలి. మే నెలలో కడపలో 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఏసీ ఆపి కారు నడిపేవాళ్ళెవరు? ఏసీ కంప్రెసర్ పడగానే ఐడిల్‌లో (కారు నిలబడి ఇంజన్ ఆడుతున్నప్పుడు) ఇంజన్ మీద బరువు పెరుగుతుంది. ఇన్సర్ట్ అదురు ఎక్కువగా తెలిసేది సరిగ్గా అప్పుడే. చల్లటి ఊళ్ళో ఉన్నాయన “పెద్దగా తేడా లేదు” అంటే, ఆయన ఏసీ లేకుండా చెప్పాడేమో చూసుకోండి.

సిలిండర్ల లెక్క కూడా ఉంది. 800 ఆర్పీఎం ఐడిల్‌లో నాలుగు సిలిండర్ల ఇంజన్ సెకనుకు దాదాపు 27 సార్లు కొడుతుంది, మూడు సిలిండర్లది 20 సార్లు. కొట్టుడు ఎంత నిదానమైతే మౌంటింగ్‌కు దాన్ని మింగడం అంత కష్టం. అందుకే పాత 1.2 టీఎస్ఐ (నాలుగు సిలిండర్లు) ఓనర్లు మెచ్చుకున్న అదే రకం ఇన్సర్ట్, నా మూడు సిలిండర్ల 1.0లో స్టీరింగ్‌ను, సీటును కూడా గుయ్యిమనిపించింది. మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ అయితే ఇంకో చిక్కు. సిగ్నల్ దగ్గర ‘డి’లో బ్రేకు మీద నిలబడితే ఇంజన్ అప్పటికే బుష్‌ను నొక్కుతూ ఉంటుంది, అదురు మరింత తెలుస్తుంది. న్యూట్రల్‌లో పెడితే తగ్గుతుంది.

పాలీయురెథేన్ గట్టిదనాన్ని షోర్ ఏ అనే కొలతలో చెబుతారు. 70 దగ్గరివి మెత్తనివి, 80 మధ్యరకం, 95 ట్రాక్ సరుకు. వీఆర్ఎస్ ఉన్న మా స్నేహితుడు “పెట్టేదేదో గట్టిదే పెడదాం” అని నల్ల రంగు 95 వేయించాడు. వారం కాకముందే వాళ్ళావిడ ప్రొద్దుటూరు నుంచి వస్తూ దారిలో కారు ఆపించి “ఏమైంది దీనికి, డీజిల్ ఆటోలో కూర్చున్నట్టుంది” అన్నదట. విప్పి మెత్తనిది వేయించాక ఇంట్లో గొడవ సద్దుమణిగింది. రెండుసార్ల కూలీ దండగ.

డ్యాంపర్‌కు ఎండ ఇంకో రకంగా తగులుతుంది. లోపలి నూనె వేడెక్కితే పల్చబడుతుంది, పట్టు తగ్గుతుంది. టర్బో పక్కనో, సైలెన్సర్ మానిఫోల్డ్ మీదుగానో బిగిస్తే సీలు త్వరగా పోతుంది. దాని కొనల్లో ఉండే గుండు జాయింట్ల (రోజ్ జాయింట్లు) సంగతి కూడా చూడాలి. చూడ్డానికి బాగుంటాయి కానీ ఎర్రగుంట్ల వైపు రోజూ తిరిగేవాళ్ళకు ఆ సిమెంటు దుమ్ము వాటిలో చేరి కొన్నాళ్ళకు ‘టకటక’ మొదలవుతుంది. మన రోడ్లకు రబ్బరు బుష్ కొనలున్న డ్యాంపరే మేలు.

కొనే ముందు ఇంట్లోనే పరీక్ష

చల్లబడిన ఇంజన్ మీద, చదును నేల మీద, హ్యాండ్ బ్రేకు లాగి, ఇంకొకర్ని డ్రైవింగ్ సీట్లో కూర్చోబెట్టండి. మీరు పక్కన నిలబడండి, కారు ముందు మాత్రం ఎప్పుడూ నిలబడకండి. లోపలివాళ్ళు బ్రేకు గట్టిగా తొక్కి ఫస్ట్ గేరులో క్లచ్ పట్టుకోవడం మొదలయ్యే చోటుదాకా వదలాలి, తర్వాత రివర్స్‌లోనూ అంతే. ఆటోమేటిక్ అయితే ‘డి’, ‘ఆర్’ మారిస్తే చాలు. డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్సులో బ్రేకు మీద నిలబెట్టి రేస్ ఇవ్వకండి, క్లచ్‌లు వేడెక్కుతాయి. ఇంజన్ తల అంగుళం దాటి లేస్తున్నా, చివర్లో ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడొచ్చినా మౌంటింగ్‌ను అనుమానించండి. కొన్ని కార్లలో ఒక పక్క మౌంటింగ్ లోపల ద్రవం ఉంటుంది. దాని కింద నల్లటి జిడ్డు కారి ఉంటే అది అయిపోయినట్టే. ఇంజన్ ఆయిల్ కారి రబ్బరు మీద పడుతున్నా అంతే, ముందు ఆ లీకు ఆపకుండా కొత్తది వేసినా ఉబ్బి పాడవుతుంది.

మౌంటింగ్ పోయిన కారుకు కొత్త ఒరిజినల్ మౌంటింగే మొదటి మందు. డ్యాంపర్ గానీ ఇన్సర్ట్ గానీ దాని తర్వాతే. చీలిన బుష్‌లో ఇన్సర్ట్ దూర్చితే కొన్నాళ్ళు గట్టిగా అనిపిస్తుంది, తర్వాత మిగిలిన రబ్బరు కూడా ఊడొస్తుంది. నాకైతే కొత్త పెండ్యులం మౌంటింగ్ వేయగానే ఆ ‘ధబ్’ చప్పుడు ముప్పాతిక పోయింది. మిగిలిన పావు కోసం 70 ఇన్సర్ట్ వేయించాను, పోయింది. బదులుగా వచ్చిన ఆ గుయ్యిని భరిస్తున్నాను. నేనొక్కడినే నడిపే కారు కాబట్టి సరే.

మరి డ్యాంపర్ ఎవరికి

మౌంటింగులన్నీ బాగున్నాయి, ఐడిల్‌లో అదురు మాత్రం ఒప్పుకోరు, కాలు పెట్టి తీసినప్పుడు వచ్చే జెర్కే చిరాకు. అలాంటివాళ్ళకు డ్యాంపర్ సరైనది. ఇంట్లో పెద్దవాళ్ళు ఎక్కే కారు, మాన్యువల్ గేరు, రీమ్యాప్ చేసి (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి) టార్క్ పెంచిన కారు అయితే ఇంకా నయం. నెమ్మదైన చిన్న కదలికలకు అది అంతగా అడ్డుపడదు కాబట్టి గట్టి ఇన్సర్ట్ కంటే తక్కువ అదురు లోపలికి పంపుతుంది. అస్సలు పంపదని కాదు, ఇంజన్‌కూ బాడీకీ మధ్య కొత్త దారి ఒకటి వేశారు కదా. ఆటోమేటిక్‌లో మెల్లగా నడిపేవాళ్ళకు ఆ డబ్బు పెట్టినా తేడా తెలియదు. ఖర్చు కూడా చూసుకోండి. బ్రాకెట్లు, దిగుమతి సుంకం, లేత్ పని కలిపితే ఇన్సర్ట్ కంటే కొన్ని రెట్లు అవుతుంది.

బామ్మర్ది కథ ఇక్కడే చెప్పాలి. వాడు మొదట వేయించింది అసలు డ్యాంపరే కాదు. ఒక షాపులో పాత కారు డిక్కీ రాడ్డు తెచ్చి బిగించారు. డిక్కీని పైకి లేపే గ్యాస్ రాడ్డు ఎప్పుడూ తోస్తూనే ఉంటుంది. అది ఇంజన్‌ను రాత్రీ పగలూ ఒకే పక్కకు నెట్టి, ఆ పక్క మౌంటింగ్‌ను తినేసింది. తేడా కనుక్కోవడం తేలిక. వస్తువు చేతిలోకి తీసుకుని రాడ్డు లోపలికి నొక్కి వదలండి. వదిలిన చోటే ఉంటే అది నూనె డ్యాంపర్. మెల్లగా బయటికొస్తే గ్యాస్ నింపినది, కొంచెమైతే పరవాలేదు. గట్టిగా తన్నుకొస్తే అది డిక్కీకే.

రెండోసారి సివిక్ పేరున్న కిట్ బయటి దేశం నుంచి తెప్పించాడు. మన దగ్గర అమ్మిన ఆ సివిక్ 1.8 ఇంజన్‌ది, అక్కడి స్పోర్ట్స్ సివిక్ 2.0. బ్రాకెట్ రంధ్రాలు కలవలేదు. పైగా మనవి కుడి స్టీరింగ్ కార్లు, బ్రేకు బూస్టర్ కుడి పక్క ఉంటుంది. ఎడమ స్టీరింగ్ కారుకు కొలిచి చేసిన రాడ్డు వచ్చి ఏదో ఒక పైపుకు తగలడం ఖాయం. చివరికి ఆ డ్యాంపర్‌ను ఉంచుకుని, 6 మిల్లీమీటర్ల ఇనుప పట్టీతో కొత్త బ్రాకెట్లు చేయించాడు. తొందరలో రాడ్డును 45 డిగ్రీల వాలుగా పెట్టారు. “ఏం తేడా లేదు బావా” అన్నాడు నాతో. ఉండదు మరి. ఇంజన్ ముందుకీ వెనక్కీ ఊగుతుంటే డ్యాంపర్ కూడా అదే గీతలో ఉండాలి. 45 డిగ్రీలు వాలితే పని సగానికి పడుతుంది, 60 వాలితే పావే మిగులుతుంది. ఇంజన్ పైభాగంలో వీలైనంత ఎత్తున, కారు పొడవు వెంట బిగించాకే వాడి ముఖం వెలిగింది.

బిగించే రోజు

రాడ్డు నడిమధ్య ఉండేలా బిగించాలి. ఇంజన్ ఆపిన స్థితిలో రెండు పక్కలా సమానంగా ఖాళీ ఉంటేనే అటూ ఇటూ ఊగడానికి చోటు. ఒక కొనకు చేరిపోతే ఆ క్షణం నుంచి అది డ్యాంపర్ కాదు, ఇనుప కడ్డీ. బ్రాకెట్ చీలడమో, అల్యూమినియం మరలు ఊడిరావడమో ఖాయం. స్ట్రట్ టవర్ మీదున్న నట్లనే వాడుకోండి, కొత్త రంధ్రం వేస్తానంటే ఒప్పుకోకండి. వారంటీలో ఉన్న కారైతే సర్వీసు సెంటర్లో అడిగాకే పని మొదలుపెట్టండి. ఆర్సీలో ఉన్న వివరాలేవీ దీనితో మారవు, బాడీని కోయడం మాత్రం వేరే సంగతి.

మౌంటింగ్ బోల్టు విప్పాల్సి వస్తే ముందు ఇంజన్ కింద జాకీ పెట్టాలి. సంపుకు (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టికి) నేరుగా ఇనుము తగలకుండా మధ్యలో చెక్క ముక్క ఉండాలి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో కొన్ని బోల్టులను ముందు టార్క్ పానాతో బిగించి, ఆపైన 90 డిగ్రీలు తిప్పుతారు. అవి ఒకసారి సాగితే అంతే, విప్పినవి పారేసి కొత్తవి వేయాలి. “ఇదే బాగుంది సార్” అని పాతది తిరిగి వేస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపండి. బానెట్ మూసే ముందు చిన్న మైనం ముద్ద డ్యాంపర్ మీద పెట్టి మెల్లగా మూసి తీయండి. మైనం నొక్కుకుపోతే బానెట్ తగులుతోందని అర్థం. ఏసీ పైపు, రేడియేటర్ హోస్, వైర్ల కట్ట, వీటికి రాడ్డుకూ మధ్య ఒక వేలి సందైనా ఉండాలి, ఇంజన్ ఊగినప్పుడు కూడా.

పనంతా అయ్యాక భాయ్ ప్రతి నట్టు మీదుగా బ్రాకెట్ దాకా తెల్ల పెయింటుతో ఒక గీత గీస్తాడు. 500 కిలోమీటర్ల తర్వాత వచ్చి చూపించమంటాడు. బామ్మర్ది సివిక్‌ను తీసుకెళ్ళినప్పుడు ఐదు గీతలు నేరుగానే ఉన్నాయి. ఇంజన్ వైపు ఉన్న ఆరోది గోధుమ గింజంత పక్కకు జరిగింది. భాయ్ ఏమీ అనకుండా ఆ నట్టు విప్పి, నైలాన్ రింగున్న లాక్ నట్టు వేసి, మళ్ళీ గీత గీశాడు.